పైపూత

మా అయ్య చేతులకి రెండు వాసనలుండేవి. ఒకటి తోలు వాసన, మా తాత నుంచి వచ్చింది. రెండోది డబ్బా పాలిష్ వాసన, మా ఊరి పెద్దబాబు కారు నుంచి వచ్చింది. రాత్రి పక్కన పడుకుని నా తల నిమిరితే ఆ రెండూ కలిసి వచ్చేవి. వాటిలో ఏది మా కులం వాసన, ఏది మా పని వాసన అని నేను చాలాకాలం తేల్చుకోలేకపోయాను. ఇప్పుడు నాకు ముప్పై ఏడేళ్లు. ప్రభుత్వ బళ్లో పిల్లలకి తెలుగు చెప్తున్నాను. నాకూ ఓ కారుంది, సెకండ్ హేండుది. దానికి మైనం రాస్తుంటే నా చేతులకీ ఆ రెండో వాసన పట్టుకుంటోంది. అందుకే ఈ నాలుగు మాటలు.

కారు రంగుని కాపాడుకోవడం గురించి మాదిగోడు రాయడానికేముంది అని మీరనుకోవచ్చు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను.

మాది నాగావళి పక్క పల్లె. మా తాత చెప్పులు కుట్టేవాడు, డప్పుకి తోలు బిగించేవాడు. చచ్చిన గొడ్డుని మోసుకొచ్చి, తోలు వొలిచి, సున్నంనీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క రసంలో రోజుల తరబడి ఊరేసేవాడు. చివర్న ఆముదమో కానుగనూనో పట్టించేవాడు. "తంగేడు లోనికెల్తాది. నూనె పైన కాస్తాది. రెండూ ఉంటేనే తోలు బతుకుతాది" అనేవాడు. అది రసాయనశాస్త్రమని ఆయనకి తెలీదు. కుళ్లిపోయే చర్మాన్ని కుళ్లిపోకుండా చేసే విద్య మా ఇంట్లో ఉండేది. ఆ విద్య వల్లే మమ్మల్ని ఊరికి దూరంగా పెట్టారు. ఆ విద్యతో చేసిన చెప్పులేసుకునే ఊరంతా నడిచింది.

మా అయ్య కాలానికి చెప్పులు బజార్లోకి వచ్చేశాయి. అయ్య పెద్దబాబు దగ్గర పాలేరుగా చేరాడు. పెద్దబాబుకి నల్ల అంబాసిడర్ ఉండేది. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 2014లో ఆ కారు తయారీ ఆపేశారు గానీ, నా చిన్నప్పుడు మా పల్లెకి అది రోడ్డు మీద నడిచే మేడ. పొద్దున్నే దాన్ని కడగడం, వారానికోసారి పాలిష్ పెట్టడం మా అయ్య పని. అయితే బయట మాత్రమే. లోపలి సీట్లు దులపడానికి, స్టీరింగు తుడవడానికి ఇంట్లో పనిచేసే వేరే మనిషి ఉండేవాడు. రేకు అయ్యది, సీటు వాళ్లది. ఇరవై ఏళ్లు ఆ కారుని కడిగిన మా అయ్య ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు.

కడిగాక తడి లాగడానికి డ్రైవరు విశాఖపట్నం నుంచి ఒక మెత్తటి తోలు తెచ్చాడు. నీళ్లని అది ఇట్టే పీల్చేసేది. దాన్నొకసారి అయ్య ఇంటికి తెచ్చి తాతకి చూపించాడు. తాత వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "గొర్రెతోలు. లోపలి పొర. సేపనూనెతో పదును సేసినారు" అన్నాడు. నిజంగానే ఆ తోలుని చేపనూనెతోనే పదును చేస్తారని నేను చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎక్కడో ఎవరో మాలాంటివాళ్లు పదును చేసిన తోలు పెద్దబాబు కారు ఒళ్లంతా తుడిచేది. దానికి మైల లేదు.

ఆ రోజుల్లో మా అయ్య చూసిన కారుకి రంగే పై పొర. దాని మీద అద్దంలాంటి పొర వేరే ఉండేది కాదు. మా ఎండలకి కొన్నాళ్లయ్యేసరికి రంగు పైపైన చచ్చి సుద్దలా తేలిపోయేది. అయ్య పాలిష్ పెట్టి రుద్దితే ఆ చచ్చిన రంగు గుడ్డకంటుకుని కింద నుంచి కొత్త నలుపు వచ్చేది. మెరుగు పెట్టడం అంటే ప్రతిసారీ కాస్త రంగుని తీసెయ్యడమే. సాయంత్రానికి అయ్య అరచేతులు నల్లగా ఉండేవి. ఆ నలుపు అన్నంలోకి కూడా వచ్చేది.

నాకు ఆరేళ్లప్పుడు, సంక్రాంతికి ముందు, అయ్య కారంతా పాలిష్ పెట్టి బకెట్టు కడగడానికి వెళ్లాడు. నేను దగ్గరికెళ్లి చూశాను. తలుపులో నా మొహం కనిపించింది. మా ఇంట్లో ఉన్నది అరచేతిలో పట్టేంత అద్దం ముక్క. నా మొహం, ఛాతీ, చేతులు ఒకేసారి నేనెప్పుడూ చూసుకోలేదు. సంతోషం పట్టలేక అరచెయ్యి ఆనించాను. మెరుగు మీద నా చెయ్యి అచ్చు పడింది. పెద్దబాబు కొడుకు అరుగు మీంచి చూశాడు. నన్నేమీ అనలేదు. మా అయ్యని పిలిచాడు. "నీ గుంటడు సెయ్యెట్టీసినాడు. మళ్లీ కడుగు" అన్నాడు.

తుడువు అనలేదు. కడుగు అన్నాడు.

అయ్య నా వైపు చూడలేదు. మళ్లీ నీళ్లు తెచ్చి ఆ తలుపు కడిగాడు. తోలుతో తడి లాగాడు. మళ్లీ పాలిష్ పెట్టాడు. నా చెయ్యి అచ్చుని నా తండ్రే చెరిపేశాడు. ఇన్నేళ్లుగా నేనాలోచిస్తున్నది ఒకటే. రోజూ ఆ కారు ఒళ్లంతా ముట్టుకున్న చెయ్యి మా అయ్యది. అది పనిచేసే చెయ్యి కాబట్టి మైల కాలేదు. నాది ఊరికే, నా సంతోషం కోసం ముట్టుకున్న చెయ్యి. అందుకని మైలయింది. అంటే అంటరానిది మన చర్మం కాదు. మన సంతోషం.

తర్వాత సాంఘిక సంక్షేమ హాస్టలు, డిగ్రీ, బీఈడీ. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేను. 2012 డీఎస్సీకి చదువుతున్నప్పుడు, జూన్ 12న, వంగర మండలం లక్షింపేటలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కింద మిగిలిన భూమి గొడవ. అప్పుడా ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలు మార్చాక విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. చచ్చినవాళ్లకి జిల్లా మారితే ఏం, మారకపోతే ఏం. నేను మాత్రం ఆ నెలంతా పుస్తకం ముందు పెట్టుకుని ఒక్క అక్షరం చదవలేకపోయాను. ఉద్యోగం వస్తే ఈ భయం పోతుందనుకున్నాను. ఉద్యోగం వచ్చింది. భయం పోలేదు, చొక్కా మార్చుకుంది.

పెళ్లయ్యాక 2016లో శ్రీకాకుళం టౌన్లో ఇల్లు వెతికాం. ఏడురోడ్ల కూడలికి కొంచెం దూరంలో ఒక పోర్షను నచ్చింది. ఇంటావిడ మంచినీళ్లిచ్చి, "మీరేటోళ్లు మాస్టారూ?" అంది. మా వైపు కులం అడగడానికి కులం అనే మాట అక్కర్లేదు. నేను, "మాది పాలకొండ వైపండి" అన్నాను. అడిగింది కులం, చెప్పింది దారి. ఆవిడ నా ఇంటిపేరు రెండుసార్లు పైకి అనుకుని, తనకి నచ్చిన కులంలో నన్ను పెట్టేసుకుంది. నేను కాదనలేదు. అంతే నేను చేసింది. అబద్ధం ఆడలేదు, నిజం చెప్పలేదు.

ఆ ఒక్క మౌనానికి ఎంత కాపలా కాయాలో మీకు తెలుసా? నా భార్య అంబేడ్కర్ ఫొటోని చీరలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టింది. పేట నుంచి చుట్టాలొస్తామంటే మేమే ఊరెళ్లి కలిసేవాళ్లం. అయ్య వచ్చినప్పుడు ఇస్త్రీ చొక్కా ఇచ్చాను. "ఇంటావిడ పలకరిస్తే ఎక్కువ మాట్లాడకు అయ్యా" అన్నాను. అయ్య తలూపాడు. రెండురోజులుండి వెళ్లిపోయాడు. ఆ రెండురోజులూ అయ్య గట్టిగా దగ్గడం కూడా నేను వినలేదు. పెద్దబాబు ఇంటి అరుగు ముందు ఎలా నిలబడేవాడో నా ఇంట్లోనూ అలాగే ఉన్నాడు. ఈ పాపం ఏ పెద్దబాబుదీ కాదు, నాది.

2022లో విజయనగరంలో ఒక బ్రోకరు దగ్గర కారు కొన్నాను. నీలం రంగు. ఆ రంగే ఎందుకు నచ్చిందో మీకు చెప్పక్కర్లేదు. కొత్తదానిలా మెరుస్తోంది. మా ఊరివాడే ఒకతను షెడ్డులో కార్లకి రంగులేస్తాడు. తీసుకెళ్లి చూపిస్తే, అతను కారు చుట్టూ తిరిగి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి అక్కడక్కడ ఆనించాడు. బానెట్ మీద టక్కున అతుక్కుంది. ముందు తలుపుకీ అతుక్కుంది. వెనక తలుపు మీద పెడితే జారి కింద పడిపోయింది.

"పుట్టీ మాస్టారూ. ఎప్పుడో గుద్దీసినారు. సొట్ట తియ్యకుండా పుట్టీ మెత్తీసి రంగేసినారు. మీ బడి సముద్రం దగ్గర కదా? ఉప్పుగాలికి లోన తుప్పు మొదలైతే ఈ రంగు ఆగదు" అన్నాడు.

అతనన్నట్టే ఏడాదిలోపు ఆ తలుపు మీద పొక్కులు లేచాయి. ఇనుము తుప్పుగా మారితే ఇనుము కంటే ఎక్కువ చోటు కావాలి. అది ఉబ్బి రంగుని పైకి నెట్టేస్తుంది. ఆ అయస్కాంతం జారి పడిన చప్పుడు మాత్రం నాకు కారు గురించి వినపడలేదు. "మీరేటోళ్లు మాస్టారూ?" అన్న ప్రశ్నలా వినపడింది. ఆ ఇంటావిడ చేతిలో ఉన్నదీ అయస్కాంతమే. నేనప్పుడు ఆ వెనక తలుపుని.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న పుస్తకంలో తన చిన్నప్పటి ప్రయాణం ఒకటి చెప్పాడు. 1901 నాటి మాట. తొమ్మిదేళ్లవాడు. అన్నతో, అక్క పిల్లలతో కలిసి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి రైల్లో బయల్దేరాడు. అందరికీ కొత్త బట్టలు. మసూర్ స్టేషన్లో స్టేషన్ మాస్టరు ఎంతో ప్రేమగా పలకరించాడు. ఎవరి పిల్లలు అని అడిగాడు. మహర్లం అని పిల్లాడు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ మనిషి మొహం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు రెండింతలు డబ్బు తీసుకుని, పిల్లల్నే బండి తోలుకోమని తాను పక్కన నడిచాడు. రాత్రి దాహమైతే, టోల్ గేటు దగ్గర ముసల్మాన్లమని చెప్పండి, నీళ్లిస్తారన్నాడు. పిల్లాడు అలాగే చెప్పాడు. అప్పుడూ నీళ్లు దొరకలేదు. నిజం చెబితే బండి పోయింది, దాచితే నీళ్లూ రాలేదు. నేనిది బీఈడీలో చదివాను. శ్రీకాకుళంలో ఇల్లు వెతికేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. మనకి అవసరమైనప్పుడే చదువు గుర్తుకు రాదు.

దాచుకున్నవాణ్ని తప్పు పట్టడానికి రాయడం లేదిది. రాయి విసిరేవాడుండగా తల కాచుకున్నవాణ్ని పిరికివాడనే హక్కు ఎవరికుంది? నగరాల్లో పేరు చివర తోక తీసేసుకుని, నోరు కట్టేసుకుని బతుకుతున్న మనవాళ్లు వేలమంది. వాళ్ల పిల్లలు చదువుకుంటున్నారు. అది చిన్న సంగతి కాదు. నా ప్రశ్న వేరు. కప్పడమూ కాపాడటమూ ఒకటేనా?

దీనికి జవాబు నాకు ఆ రంగులేసే మనిషే చెప్పాడు, తనకి తెలియకుండా. ఇప్పటి కార్లకి రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పొర, దాని మీద ప్రైమరు, ఆపైన రంగు, అన్నిటికంటే పైన క్లియర్ కోట్ అనే గాజులాంటి పొర ఉంటాయట. ఆ గాజుపొర దాదాపు నలభై యాభై మైక్రాన్లు. మన వెంట్రుక కంటే పల్చన. దాని మీద రాసే మైనం ఇంకా పల్చన, ఒక మైక్రాను కూడా ఉండదు. ఈమధ్య సిరామిక్ కోటింగని వచ్చింది. ఇసుకలో ఉండే సిలికా లాంటిదానితోనే చేస్తారు. అది రంగు మీద గట్టిగా పట్టి, జాగ్రత్తగా చూసుకుంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. నా జీతానికి అది బరువని మైనంతోనే సరిపెట్టుకున్నాను. "ఏది పూసినా ఎండ, ఉప్పు, పిట్టరెట్ట కొంత ఆగుతాయి మాస్టారూ. మేకుతో గీస్తే ఏదీ ఆగదు" అన్నాడతను.

ఆ మైనం ఎక్కడిదో తెలుసుకుంటే నాకు ముచ్చటేసింది. మంచి మైనంలో కార్నూబా ఉంటుంది. బ్రెజిల్ దేశం ఈశాన్యంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీంచి దాన్ని రాలుస్తారు. అక్కడి ఎండలకి లోపలి తడి ఆరిపోకుండా ఆ ఆకు తనకి తానే మైనం పూసుకుంటుంది. ఎనభై డిగ్రీల వేడి దాటితేగానీ అది కరగదు. మా పెరట్లో చేమాకు మీద నీటిబొట్టు నిలవకుండా జారిపోవడానికీ కారణం అలాంటి మైనమే. పుట్టీ రేకుని దాచేస్తుంది. మైనం దేన్నీ దాచదు. నీలాన్ని నీలంగానే కనపడనిస్తుంది, ఇంకా నీలంగా చేస్తుంది. పైగా అది ఒకసారి పూస్తే సరిపోయేది కాదు. రెండు మూడు నెలలకి పోతుంది, మళ్లీ మనమే రాసుకోవాలి.

మొదటిసారి కారుకి మైనం పెట్టినప్పుడు అయ్య కూడా ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఎండలో ఎట్టకురా, అట్టు కట్టీద్ది. నీడకి తియ్యి. మొదట నీల్లు దండిగా పొయ్యి. ఇసకుండగా గుడ్డెడితే గీతలడిపోతాయి" అన్నాడు. ఇప్పటి షాపుల్లో వేలకి వేలు తీసుకుని చెప్పేదీ ఇదే. గుడ్డ లాక్కుని తానే మొదలెట్టాడు. ఓ తలుపు పూర్తయ్యాక గుడ్డని తిప్పి తిప్పి చూశాడు.

"రంగంటలేదేట్రా?"

"పైన గాజులాంటి పొరుంది అయ్యా. అందుకే రంగూడదు."

అయ్య తన అరచేతులు చూసుకున్నాడు. ఇరవై ఏళ్లు పెద్దబాబు కారు నలుపు మోసిన చేతులు. "మెరుగెట్టినా సేతికంటలేదు. ఇదేదో బాగుంది" అన్నాడు.

ఇక అసలు సంగతి. 2024 ఫిబ్రవరిలో ఒకరోజు సాయంత్రం బడి వదిలాక బయటికొస్తే నా కారు బానెట్ మీద మేకుతో గీసిన అక్షరాలున్నాయి. 'మాధిగ కారు'.

తెలుగు మాస్టర్ని కదా, నా కళ్లు మొదట తప్పునే చూశాయి. ద కింద వొత్తు. తర్వాత కడుపులో ఏదో కాలింది. ఆ తర్వాత అది ఎవరి రాతో తెలిసింది. ఎనిమిదో తరగతిలో ఒక పిల్లాడున్నాడు. 'దారి' రాయమంటే 'ధారి' అని రాస్తాడు. ఏడాదిగా ఎర్రసిరాతో ఆ వొత్తు కొట్టేస్తున్నాను. నేను దిద్దించిన అక్షరాలే నా కారు మీదికొచ్చాయి.

అక్కడే నిలబడి ఆలోచించాను. వాడు రాసింది అబద్ధమా? కాదు. నేను మాదిగనే. కారు నాదే. మరెందుకు మండింది? 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడి నుంచి దండోరా బయల్దేరాక ఎంతమంది తమ పేరు చివర మాదిగ అని రొమ్ము విరుచుకుని రాసుకున్నారు! అదే మాట కదా. మన చేత్తో మనం రాసుకుంటే పేరయింది. ఇంకొకడు మేకుతో రాస్తే గాయమయింది. అక్షరాలు అవే. చెయ్యి ఎవరిదన్నదే తేడా.

తోటి మాస్టార్లు చుట్టూ చేరారు. "ఎందుకు గొడవ, పాలిష్ చేయించీండి, తెల్లారేసరికి కనపడదు" అన్నారు. బడి పేరు పోతుందని ఒకరు బాధపడ్డారు. మా ఎస్సీ టీచర్లలో ఒకాయన ఫోన్లో, "కేసు పెట్టాల్సిందే. 1985లో కారంచేడు జరిగాక నాలుగేళ్లకి వచ్చిన చట్టం అది. వాడకపోతే తుప్పట్టిపోద్ది" అన్నాడు. ఆయన మాటలో న్యాయముంది.

రంగులేసే మనిషి దగ్గరికి తీసుకెళ్తే వేలితో తడిమి చూశాడు. "మిగతా అక్షరాలు గాజుపొర దాటలేదు. రుద్దితే పోతాయి. ఈ వొత్తు ఒక్కటీ రేకుదాకా దిగిపోయింది" అన్నాడు. ఎలా పోతాయని అడిగాను. "గీత పోదు మాస్టారూ. దాని చుట్టూ ఉన్న పొరని గీత అడుగుదాకా అరగదీస్తాం. అప్పుడంతా ఒక్క మట్టమైపోయి గీత కనపడదు" అన్నాడు.

నేనా మాట దగ్గర ఆగిపోయాను. గీతని చెరపడమంటే, బాగున్న పొరని గీత లోతుకి దించడమా? ఇన్నేళ్లూ నేను చేసిందదే. ఒక్క మాట పడకుండా ఉండడానికి నా చుట్టూ ఉన్నదంతా అరగదీసుకున్నాను. ఫొటో పెట్టెలోకి పోయింది. చుట్టాలు దూరమయ్యారు. అయ్య దగ్గు కూడా ఆగిపోయింది. గీత కనపడలేదు నిజమే. పొరే మిగల్లేదు.

"వొత్తు దగ్గర ఒక్కటే తుప్పు పట్టకుండా రంగు చుక్క పెట్టు. మిగతాది ఉండనీ" అన్నాను. అతను నా మొహంలోకి చూసి ఇంకేమీ అడగలేదు.

మర్నాడు బడి వదిలాక ఆ పిల్లాణ్ని ఉండమన్నాను. పదమూడేళ్లవాడు. ముందే ఏడుపు మొహం పెట్టాడు. వాడిచేత కారు కడిగించాలని ఒక్క క్షణం అనిపించింది. అనిపించలేదని అంటే అబద్ధమవుతుంది. కానీ కడిగిస్తే, మా అయ్యని 'మళ్లీ కడుగు' అన్న నోరు నాకూ వచ్చినట్టే. ఎవరు రాయమన్నారని అడిగాను.

"ఎవరూ రాయమనలేదండి. మా ఇంట్లో అందరూ అలాగే అంటారు. మీ కారెల్తుంటే, అదిగో ఫలానా కారెల్తంది అంటారు."

వాడి చేతికి సుద్దముక్క ఇచ్చి బోర్డు మీద ఆ మాట రాయమన్నాను. రాయలేదు. నేనే రాశాను, వొత్తు లేకుండా. "ఇది నా కులం పేరు. ఇలా రాస్తారు. తప్పు లేకుండా రాయి" అన్నాను. వాడు వణుకుతూ రాశాడు. మళ్లీ అడిగాను, మళ్లీ రాశాడు. మూడోసారి చెయ్యి వణకలేదు. ఆ పిల్లాడి బుర్రలో ఏం జరిగిందో నాకు తెలీదు.

వాళ్ల నాన్న దగ్గరికి ఆ కారు మీదే వెళ్లాను. ఆయన బానెట్ వైపు చూడకుండా, "పిల్లల తప్పు మాస్టారూ, పాలిష్‌కి ఎంతయిద్దో సెప్పండి, ఇచ్చీస్తాను" అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. డబ్బు అక్కర్లేదని వచ్చేశాను. పొరకి ఖరీదు కట్టడం వాళ్లకి తెలుసు. దాని కింద ఉన్నదానికి తెలీదు. కేసు పెట్టలేదు. పదమూడేళ్ల పిల్లాడే దొరుకుతాడు, వాడికి ఆ మాట నేర్పిన ఇల్లు దొరకదు అనుకున్నాను. అది దయా, నాలో మిగిలిన పాత భయమా? ఇప్పటికీ రోజుకోరకంగా అనిపిస్తుంది. దయ అని పేరు పెట్టుకున్నవాటిలో ఎన్ని భయాలుంటాయో మనకి తెలుసు.

ఆ వారమే అయ్య వచ్చాడు. అయ్యకి చదువు రాదు. బానెట్ మీద వేలు పెట్టి, "ఏటి రాసినార్రా?" అన్నాడు. ఎవరో పిల్లలు పిచ్చిగీతలు గీశారని చెప్పొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది. ఎనిమిదేళ్లు ఇంటావిడకి చెప్పని నిజాన్ని మా అయ్య దగ్గర కూడా దాచాలా?

చదివి వినిపించాను.

అయ్య చాలాసేపు మాట్లాడలేదు. బొటనవేలితో అక్షరాల వెంబడి వెళ్లాడు. రాయడం రాని మనిషి వేలు మొదటిసారి తన కులం పేరు మీద నడిచింది. వొత్తు దగ్గర ఆగింది. "ఇది నోతుగుంది. సుక్కెట్టించినావా?" అన్నాడు. పెట్టించానన్నాను. "మరైతే మైనం తే" అన్నాడు. ఇద్దరం కలిసి మైనం రాశాం. అక్షరాలు పోలేదు. ఎండలో ఇంకా స్పష్టంగా మెరిశాయి. మా ఆరేళ్ల పాప వచ్చి తలుపు మీద రెండు చేతులూ ఆనించి మొహం చూసుకుంది. అయ్య చేతిలో గుడ్డ లేచింది, అలవాటు కొద్దీ. అంతలోనే ఆగి, గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ అచ్చులు సాయంత్రం దాకా ఉన్నాయి.

ఆ ఏడు వేసవిలో ఇల్లు మారాం. ఈసారి వాళ్లు అడగక ముందే నేనే చెప్పాను. మొదటి ఇంటివాళ్లకి ఆ సాయంత్రమే ఇంకెవరో వచ్చి అడ్వాన్సు ఇచ్చేశారట. రెండో ఇంటివాళ్లకి అల్లుడొస్తున్నాడట. మూడో ఇంటాయన, "అద్దె అయిదో తారీఖులోగా ఇచ్చేయండి" అని మాత్రమే అన్నాడు. ముందు గదిలో అంబేడ్కర్ ఫొటో పెట్టాం. అయ్య వస్తే గట్టిగా దగ్గుతున్నాడు, అరుగు మీద కూర్చుని పక్కింటాయనతో తోలు సంగతులు చెప్తున్నాడు.

మా తాత మాట ఇప్పుడు బోధపడుతోంది. చదువు నాకు పైపూత అనుకున్నాను. పైన రాసుకుంటే చాలు, కులం కనపడదనుకున్నాను. కాదు. అది తంగేడు రసం. లోనికెళ్లి మనిషిని కుళ్లిపోకుండా చెయ్యాల్సింది. పైన కాసే నూనె వేరు. అది ఆత్మగౌరవం. ఎండకీ ఉప్పుకీ అది పోతూనే ఉంటుంది. ఎవరూ వచ్చి మనకి రాయరు. దానికి గ్యారంటీ కార్డు లేదు. మళ్లీ మళ్లీ మనమే రాసుకోవాలి.

మూడు నెలలకోసారి కారుకి మైనం రాస్తున్నాను. వొత్తు దగ్గర తుప్పు పట్టలేదు. అక్షరాలు అలాగే ఉన్నాయి. ఎవరైనా ఏటవి అని అడిగితే చదివి చెప్తాను. ద కింద వొత్తు ఉండకూడదని కూడా చెప్తాను.